గానుగ ఏదైనా గింజ మంచిదైతేనే నూనె మంచిది

ఏ నూనె వాడాలన్నది సగం ప్రశ్నే... ఎలాంటి గింజ ఆడించారు, ఎంత వాడుతున్నారు, ఎన్నిసార్లు కాచారు అన్నది మిగతా సగం

అనంతపురం: వేరుశనగకు పేరుమోసిన సీమ ఇది. 2022లో రెండు జిల్లాలుగా విడిపోక ముందు, వానలు అదనుకు పడిన ఏడాది ఉమ్మడి అనంతపురం జిల్లాలో 7 లక్షల హెక్టార్లకు పైగా ఈ ఒక్క పంటే వేసిన రోజులున్నాయి. అయినా ఇక్కడ చాలా వంటిళ్లలో పొయ్యి పక్కన కనిపించేది వేరుశనగ నూనె కాదు. నల్లసముద్రం దాటి వచ్చిన పొద్దుతిరుగుడు నూనె, లేదంటే ఇండొనేషియా, మలేషియాల నుంచి దిగిన పామోలిన్. దేశం వాడుతున్న వంట నూనెలో సగానికి పైగా దిగుమతి సరుకే. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైంది. ఆ ఏప్రిల్ 28న ఇండొనేషియా పామాయిల్ ఎగుమతులు నిలిపివేసింది. ఎక్కడో జరిగిన ఈ రెండు సంగతుల సెగ ఇక్కడి కిరాణా కొట్టులో నూనె ప్యాకెట్ కొనే ప్రతి ఇంటికీ తగిలింది.

ఇటీవలి ఏళ్లలో గాలి కాస్త మళ్లింది. పట్టణాల్లో ‘కట్టె గానుగ నూనె’ అన్న బోర్డులు వెలిశాయి. కళ్ల ముందే గింజలు పోసి నూనె తీసి ఇస్తున్నారు. ప్యాకెట్ నూనె కంటే ధర బాగా ఎక్కువైనా కొనేవారు కొంటున్నారు. కొందరు సొంత చేలో పండిన కాయలు వొలిపించి సంచిలో తెచ్చుకుని ఆడించుకుంటున్నారు. రిఫైన్డు నూనె విషమని ఒకరు, గానుగ నూనె గుండెకు చేటని మరొకరు, కొబ్బరి నూనె అన్నిటికీ మందని ఇంకొకరు చెబుతుంటే ఏది నమ్మాలో తెలియక గృహిణులు సతమతమవుతున్నారు. ఇందులో నిజమెంత, నమ్మకమెంత అన్నది విడదీసి చూడవలసిన అవసరముంది.

గానుగ, మిల్లు: తేడా ఎక్కడ?

గానుగ ఈ నేలకు కొత్త కాదు. గాండ్లవారు, తెలికలవారు తరతరాలుగా ఎద్దుల గానుగలు ఆడించారు. రోట్లో రోకలి తిరుగుతుంటే గింజ నలిగి నూనె కారేది. ఇనుప మరలు, పెద్ద మిల్లులు వచ్చాక పల్లెల్లో గానుగలు మూలపడ్డాయి. ఇప్పుడు తిరిగి వచ్చిన గానుగకు ఎద్దు లేదు, మోటారు ఉంది. నిదానంగా తిరుగుతుంది కనుక గింజ మరీ వేడెక్కదు. నూనెలో గింజ వాసన, రంగు, సహజంగా ఉండే ఇ విటమిన్ చాలావరకు నిలుస్తాయి.

మిల్లు పద్ధతి వేరు. మర గింజను గట్టిగా నొక్కి నూనె పిండుతుంది. చెక్కలో ఇంకా మిగిలిన నూనెను హెక్సేన్ అనే ద్రావణితో లాగుతారు. ఆ ముడి నూనెను శుద్ధి చేస్తారు. ముందు జిగురు తీస్తారు. క్షారం కలిపి ఆమ్లాలను విరుస్తారు. ప్రత్యేకమైన మట్టితో రంగు తేలుస్తారు. చివరకు 200 డిగ్రీలు దాటిన వేడిలో ఆవిరి పట్టి వాసన పోగొడతారు. ఇదే రిఫైన్డు నూనె.

ఈ శుద్ధిలో పోయే మంచి ఉంది, పోయే చెడూ ఉంది. ఇ విటమిన్‌లో కొంత, వాసన, రుచి పోతాయి. అదే సమయంలో నూనెను తొందరగా చెడగొట్టే ఆమ్లాలు, పురుగు మందుల అవశేషాలు, బూజు విషం కూడా చాలావరకు తొలగిపోతాయి. కాబట్టి రిఫైన్డు నూనెను విషమనడం సరి కాదు. గానుగ నూనె కనుక కళ్లు మూసుకుని వాడవచ్చు అనడమూ సరి కాదు. మిల్లు నూనెలో గింజ దోషాన్ని శుద్ధి కొంత కడుగుతుంది. గానుగ నూనెకు ఆ కడుగుడు లేదు. గింజలో ఏది ఉంటే నూనెలోకి అదే దిగుతుంది. అందుకే గానుగ దగ్గర అడగవలసిన మొదటి మాట ధర గురించి కాదు, గింజ గురించి.

తాలు గింజలతోనే తంటా

కాయలు వొలిచి ఏరేటప్పుడు మంచి విత్తనాలు అమ్మకానికీ, విత్తనానికీ వేరు చేస్తారు. నొక్కులు పోయినవి, ముడతలు పడినవి, పగిలినవి, రంగు మారినవి, పురుగు కొట్టినవి పక్కకు నెడతారు. పారేయడానికి మనసొప్పదు. ‘నూనెకైనా పనికొస్తాయిలే’ అని గానుగకో మిల్లుకో పంపుతారు. వ్యాపారంలోనూ ఇదే వరస. ఏరివేతలో మిగిలిన నాసిరకం గింజ చివరికి నూనె మరకే చేరుతుంది. పొదుపుగా కనిపించే ఈ అలవాటులోనే అసలు ప్రమాదం ఉంది.

వేరుశనగకు ఆస్పర్జిల్లస్ అనే బూజు పడుతుంది. అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోడి పిల్లలు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. కారణం వెతికితే వాటికి దాణాగా పెట్టిన, బ్రెజిల్ నుంచి తెచ్చిన వేరుశనగ చెక్కలో ఈ విషం బయటపడింది. మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్‌లలోని గిరిజన పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని కామెర్లతో వంద మందికి పైగా మరణించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఆ పల్లెల్లో పరిశోధన చేసి, కారణం అఫ్లాటాక్సిన్ అని తేల్చారు. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే కాలేయ క్యాన్సర్‌కు దారి తీస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం నిర్ధారించింది.

ఈ సంగతి అనంతపురం వంటి కరువు సీమకు మరీ ముఖ్యం. కాయ ఊరే సమయంలో వాన మొహం చాటేసి, నేల వేడెక్కి, చెట్టు వడలిపోతే ఈ బూజు చేలోనే కాయకు పట్టుకుంటుంది. కోత తర్వాత కాయలు సరిగా ఆరకపోయినా, వామి వేసిన కట్టె వానకు తడిసినా, తేమ ఉన్న సంచులు గోడవారగా పేర్చినా అది పెరుగుతుంది. ముడతలు పడిన, పగిలిన గింజల్లోనే విషం ఎక్కువగా ఉంటుంది. అంటే ‘నూనెకైనా పనికొస్తాయి’ అని పక్కకు పెట్టిన గింజే నూనెకు అసలు పనికిరానిది!

గింజలోని విషంలో పెద్ద భాగం చెక్కలో ఉండిపోతుంది. కొంత నూనెతో పాటు, ముఖ్యంగా నూనెలో తేలే నలకతో పాటు దిగుతుంది. చెక్కలో ఉన్నదీ ఊరికే పోదు. ఆ చెక్క తిన్న పాడి పశువు పాలలోకి రూపు మార్చుకుని వస్తుంది. కనుక నాసి గింజ ఆడిస్తే ఒక వైపు నూనె డబ్బాలో, మరో వైపు పాల గ్లాసులో కీడు తిరిగి ఇంటికే చేరుతుంది.

దీనికి విరుగుడు ఖరీదైనది కాదు. కాయను ఊపితే లోపల గింజ గలగలమనే దాకా ఎండబెట్టాలి. వొలిచాక ముడతలు పడినవి, పగిలినవి, నల్లబడినవి, పచ్చబూజు కనిపించేవి ఏరి పారేయాలి. వాటిని పశువులకూ కోళ్లకూ వేయకూడదు. ఒక్క చేతి ఏరివేతతోనే విషంలో చాలా భాగం తొలగిపోతుంది. గానుగ నుంచి తెచ్చిన నూనెను కొన్ని రోజులు కదపకుండా ఉంచి, అడుగున మడ్డి తేరుకున్నాక పైతేట మాత్రం వంచుకోవాలి. గానుగ పెట్టినవారు గింజలు చూపించడానికి వెనకాడితే అక్కడ కొనకపోవడమే మేలు.

ధర చెప్పే నిజం

కల్తీని ఇంట్లో కనిపెట్టడం కష్టం. రంగు, వాసన చూసి చెప్పగలిగిన రోజులు పోయాయి. కానీ వేరుశనగ ఎరిగిన ప్రాంతంలో ప్రతి ఇల్లాలికీ చేతనైన పరీక్ష ఒకటుంది. అది లెక్క.

వేరుశనగ విత్తనంలో దాదాపు సగం నూనే. గానుగ అంతా పిండలేదు. కిలో నూనె రావాలంటే సుమారు రెండున్నర కిలోల విత్తనాలు కావాలి. కిలో విత్తనాలు 120 రూపాయలు అనుకుందాం. రెండున్నర కిలోలకు 300 రూపాయలు. దాదాపు కిలోన్నర చెక్క మిగులుతుంది. చెక్క కిలో 40 రూపాయలు అనుకుంటే 60 రూపాయలు తిరిగి వస్తాయి. అంటే కిలో నూనెకు గింజ ఖర్చే 240 రూపాయలు. కరెంటు, కూలి, సీసా, అద్దె ఇంకా కలపలేదు. అలాంటప్పుడు ఎవరైనా ‘స్వచ్ఛమైన గానుగ నూనె’ కిలో 200 రూపాయలకే ఇస్తామంటే, ఆ నూనెలో వేరుశనగ ఎంత, చౌక నూనె ఎంత అని అనుమానించాల్సిందే. ధరలు మారినప్పుడల్లా అంకెలు మార్చుకుంటే చాలు, లెక్క మాత్రం అదే.

మామూలుగా జరిగే కల్తీ, ఖరీదైన నూనెలో చౌక నూనె కలపడం. అది జేబుకు నష్టం. ఒక్కోసారి ప్రాణానికే ముప్పు వస్తుంది. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బలురక్కసి గింజల నూనె కలవడంతో అరవై మందికి పైగా చనిపోయారు. కాళ్లు వాచి, ఊపిరాడక, గుండె దెబ్బతిని మంచం పట్టినవారు ఇంకా ఎందరో. దాని తర్వాతే వంట నూనెను ప్యాక్ చేసి అమ్మాలన్న ఉత్తర్వు కేంద్రం తెచ్చింది. డబ్బా నుంచి గరాటుతో సీసాలో పోసి ఇచ్చే విడి నూనె ఎక్కడిదో, ఏ గింజదో చెప్పే నాథుడు ఉండడు.

అనుమానం వచ్చినవారికి చట్టంలో ఒక దారి ఉంది. 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం కొన్నవారే నమూనాను ప్రభుత్వ విశ్లేషకుడికి పంపి, రుసుము కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. దోషం తేలితే ఆ రుసుము తిరిగి వస్తుంది. ఈ హక్కు ఉన్నట్టు తెలిసినవారు తక్కువ.

పేరులోనే నువ్వు

గింజ, గానుగ సంగతి తేలాక మిగిలేది అందరూ అడిగే ప్రశ్న: ఏ నూనె మంచిది?

తెలుగువారికి మొదటి నూనె నువ్వుల నూనె. నువ్వుల నుంచి వచ్చిన నెయ్యి కనుకే అది ‘నూనె’ అయింది. ఆ మాట తర్వాత అన్నిటికీ అతికింది. నేటికీ చాలా చోట్ల నువ్వుల నూనెను ‘మంచినూనె’ అనే పిలుస్తారు. ఊరగాయకు పెద్దలు నువ్వుల నూనె వాడడంలో అర్థం ఉంది. అందులో సహజంగా ఉండే సెసమాల్ వంటి పదార్థాలు నూనెను త్వరగా కనరెక్కనివ్వవు.

ఏ నూనెలోనైనా మూడు రకాల కొవ్వులుంటాయి. మొదటిది సంతృప్త కొవ్వు. ఇది రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. రెండవది ఏక అసంతృప్త కొవ్వు. మూడవది బహు అసంతృప్త కొవ్వు. ఈ రెండూ మొదటిదాని స్థానంలో వాడితే కొలెస్ట్రాల్ తగ్గుతుంది. ప్రకృతి ఏ ఒక్క నూనెకూ అన్ని గుణాలూ కట్టబెట్టలేదు.

వేరుశనగ నూనెలో సంతృప్త కొవ్వు నూటికి 20 పాళ్లకు లోపు. సగం దాకా ఏక అసంతృప్తం, మిగిలింది బహు అసంతృప్తం. నువ్వుల నూనెలో సంతృప్తం 15 పాళ్లు, తక్కిన రెండూ ఇంచుమించు సమానం. తవుడు నూనె పొందిక వేరుశనగకు దగ్గర. పైగా అందులో ఒరైజనాల్ అనే పదార్థం ఉంటుంది. పొద్దుతిరుగుడులో బహు అసంతృప్త కొవ్వు 60 పాళ్లకు పైగా. కుసుమ నూనెలో అది 75 దాకా వెళుతుంది. పామోలిన్‌లో సంతృప్తం 40 పాళ్లకు పైగా. నెయ్యిలో 60కి పైగా. కొబ్బరి నూనెలో 90 దాకా. కొబ్బరి నూనెకు ఎన్ని గొప్పలు చెప్పినా ఈ అంకె మారదు.

ఇవన్నీ చూస్తే వేరుశనగ, నువ్వులు, తవుడు నూనెలు రోజువారీ వంటకు సరిపడినవని అర్థమవుతుంది. అయితే ఈ మూడింటిలోనూ ఒక లోటుంది. ఒమేగా-3 అనే అవసరమైన కొవ్వు వీటిలో లేనట్టే. అది ఆవనూనెలో, సోయా నూనెలో, అవిసె గింజల్లో, చేపల్లో దొరుకుతుంది. ఆకుకూరల్లో కొంత ఉంటుంది. అందుకే ఒకే నూనెకు కట్టుబడవద్దని జాతీయ పోషకాహార సంస్థ సలహా. వేరుశనగ, నువ్వులు, తవుడు నూనెల్లో ఏదో ఒకదానికి సోయా నూనెనో ఆవనూనెనో జత చేసుకోమంటుంది. రెండింటినీ ఒకే సీసాలో కలపనక్కరలేదు. కూరకు ఒకటి, తిరగవాతకు ఒకటి వాడినా, నెలకొకటి మార్చినా సరిపోతుంది. పొద్దుతిరుగుడు నూనె వాడేవారు దాన్ని మానేయనక్కరలేదు. కూరలకు పరిమితం చేసి, వేపుళ్లకు మరొకటి పెట్టుకుంటే మంచిది.

వేరుశనగలోనే ఒక మార్పు వస్తోంది. ఇక్రిశాట్, జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన కేంద్రం కలిసి రూపొందించిన గిర్నార్-4, గిర్నార్-5 రకాలు 2020లో విడుదలయ్యాయి. వీటి నూనెలో మేలైన ఓలిక్ ఆమ్లం నూటికి 80 పాళ్ల దాకా ఉంటుంది. నూనె త్వరగా కనరెక్కదు. ఇలాంటి రకాలు రైతుకు గిట్టుబాటై గానుగ దాకా వస్తే ఆలివ్ నూనె కోసం విదేశాల వైపు చూడవలసిన పని లేదు.

నెలకు ఎంత?

ఏ నూనె అన్నదాని కంటే ఎంత నూనె అన్నది పెద్ద ప్రశ్న. గానుగదైనా, ప్యాకెట్‌దైనా, ఆలివ్‌దైనా గ్రాము నూనెకు 9 కేలరీలే. మంచి నూనె అని ఎక్కువ పోసుకుంటే మంచి కాస్తా చెడు అవుతుంది.

భారత వైద్య పరిశోధన మండలి 2010లో నిర్ణయించిన లెక్క ప్రకారం కూర్చుని పని చేసే పురుషుడికి రోజుకు 25 గ్రాములు, స్త్రీకి 20 గ్రాములు చాలు. ఒక మాదిరి శ్రమ చేసేవారికి 30, 25 గ్రాములు. చేనులో, గనిలో ఒళ్లు వంచి పని చేసేవారికి 40, 30 గ్రాములు. నూనెతో పాటు నెయ్యి, వెన్న, వనస్పతి కూడా ఇందులోనే లెక్క.

దీన్ని ఇంటి లెక్కలోకి మారిస్తే ఇలా ఉంటుంది. ఆఫీసు పని చేసే భార్యాభర్తలిద్దరికీ కలిపి రోజుకు 45 గ్రాములు. నెలకు 1,350 గ్రాములు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. అంటే ఇద్దరికి నెలకు లీటరున్నర. నెయ్యి వేసుకుంటే నూనె ఆ మేరకు తగ్గాలి. చిన్న చెంచాకు నాలుగున్నర గ్రాములు పడుతుంది. మనిషికి రోజుకు నాలుగైదు చెంచాలు దాటకూడదన్న మాట. నెల మొదట్లో ఇంటికి కావలసిన నూనె కొలిచి ఒక డబ్బాలో పోసి, ‘ఇంతే’ అనుకుంటే వాడకం దానంతట అదే అదుపులోకి వస్తుంది. సీసా వంచి పోసే అలవాటు పోయి, చెంచా కొలత రావాలి.

ఇక్కడి తిండిలో మరో సంగతి మరవకూడదు. ఊరుబిండి, చట్నీ, గుత్తివంకాయ, ఉగ్గాని... అన్నిటా వేరుశనగ పొడి పడుతుంది. విత్తనంలో సగం నూనె కనుక పొడి పడిన కూరకు నూనె తగ్గించవచ్చు. కొవ్వును నూనె రూపంలో కంటే గింజలు, పప్పుల రూపంలో తీసుకోవడం మేలని పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల్లోనూ ఉంది. గుప్పెడు వేరుశనగలు తింటే నూనెతో పాటు మాంసకృత్తులు, పీచు కూడా ఒంటికి పడతాయి. నూనె తీశాక ఆ రెండూ చెక్కలోనే పోతాయి.

బాణలిలో జరిగేది

మంచి గింజ, మంచి నూనె, సరైన కొలత... ఈ మూడూ ఉన్నా బాణలి చెడగొట్టవచ్చు. నూనెను మళ్లీ మళ్లీ కాచితే అది విరిగిపోతుంది. రంగు ముదురుతుంది. జిగురుగా మారుతుంది. నురగ కడుతుంది. తొందరగా పొగ వస్తుంది. బహు అసంతృప్త కొవ్వు ఎక్కువున్న పొద్దుతిరుగుడు, కుసుమ నూనెలు ఈ విషయంలో బలహీనమైనవి. వేరుశనగ, తవుడు నూనెలు కాస్త ఓర్చుకుంటాయి. శుద్ధి చేయని గానుగ నూనెలు రిఫైన్డు నూనె కంటే తక్కువ వేడికే పొగలు కక్కుతాయి. కనుక పండగ వేపుళ్లకు మంట తగ్గించి వాడాలి.

బజ్జీలు కాల్చగా మిగిలిన నూనెను తేర్చి, వడకట్టి, ఒకటి రెండు రోజుల్లో తిరగవాతకో చపాతీలకో వాడేస్తే ఇబ్బంది లేదు. పాత నూనెలో కొత్త నూనె కలిపి మళ్లీ వేపుడుకు పెట్టడమే తప్పు. పాతది కొత్తదాన్ని కూడా త్వరగా చెడగొడుతుంది.

ఇంట్లో ఎంత జాగ్రత్త పడినా వీధి బండి దగ్గర ఆ జాగ్రత్త నీరుగారుతుంది. సాయంత్రం మిరపకాయ బజ్జీల బాణలిలో ఉన్న నూనె ఎన్ని రోజులదో ఎవరికీ తెలియదు. కాగిన నూనెలో పుట్టే ధ్రువ పదార్థాలు నూటికి 25 పాళ్లు దాటితే ఆ నూనె వాడరాదన్న నిబంధన 2018 జులై 1 నుంచి అమలులో ఉంది. వాడిన నూనెను సేకరించి బయోడీజిల్‌గా మార్చే పథకమూ ఆ ఏడాదే మొదలైంది. నూనె నల్లగా, చిక్కగా ఉండి నురగ కక్కుతుంటే అక్కడ తినకుండా ముందుకు నడవడమే తినేవారి చేతిలో ఉన్న నిబంధన.

స్వీట్లకు, బేకరీ సరుకులకు వాడే వనస్పతి సంగతి వేరు. నూనెకు హైడ్రోజన్ పట్టించి గడ్డ కట్టించే క్రమంలో ట్రాన్స్ కొవ్వులు పుడతాయి. చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచి, మంచిదాన్ని తగ్గించే ఈ కొవ్వులు గుండెకు అన్నిటికంటే చేటు. 2022 జనవరి 1 నుంచి నూనెల్లో, కొవ్వుల్లో ఇవి నూటికి 2 పాళ్లు దాటకూడదని నిబంధన వచ్చింది. హద్దు వచ్చిందని వనస్పతి మంచిదైపోలేదు. అందులోని సంతృప్త కొవ్వు అలాగే ఉంది.

ప్యాకెట్ మీద మాటలు

‘కొలెస్ట్రాల్ లేదు’ అని పెద్ద అక్షరాలతో రాసిన ప్యాకెట్ చూసి మురిసిపోనక్కరలేదు. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. ‘డబుల్ రిఫైన్డ్’, ‘సూపర్ రిఫైన్డ్’, ‘కొలెస్ట్రాల్‌తో పోరాడుతుంది’ వంటి మాటలు నూనె ప్యాకెట్లపై వాడరాదని 2011 నాటి లేబుల్ నిబంధనల్లోనే చెప్పారు.

చదవవలసింది చిన్న అక్షరాలు. ముందు వైపు వేరుశనగ బొమ్మ ఉన్నా, వెనక ‘బ్లెండెడ్’ అనో, ‘మల్టీ సోర్స్’ అనో ఉంటే అది రెండు నూనెల కలయిక. కలపడం నేరం కాదు. ఏది ఎంత అన్నది ప్యాకెట్‌పై ఉండాలి, అందులో ఏ నూనె అయినా నూటికి 20 పాళ్లకు తగ్గకూడదు. కొనేవారు ఏం కొంటున్నారో తెలిసి కొనాలి. ‘+ఎఫ్’ గుర్తు ఉంటే ఎ, డి విటమిన్లు చేర్చారని అర్థం.

తూకమూ చూడాలి. లీటరు ప్యాకెట్‌లా కనిపిస్తూ 850 గ్రాములో, ఇంకా తక్కువో ఉండేవి కొట్లలో ఉన్నాయి. రెండు ప్యాకెట్ల ధర పోల్చేటప్పుడు గ్రాముల లెక్కన పోల్చాలి. తయారీ తేదీ చూసి, నెలకు సరిపడా మాత్రమే కొనాలి. నూనెకు శత్రువులు మూడు: వెలుతురు, వేడి, గాలి. పొయ్యి పక్కన, కిటికీలో పెట్టిన తెల్ల సీసాలో నూనె ఇట్టే కనరెక్కుతుంది. ఉక్కు డబ్బాలోనో, ముదురు రంగు సీసాలోనో మూత బిగించి చల్లని చోట ఉంచాలి. పాత నూనె అడుగున ఉండగా కొత్త నూనె పోయకూడదు.

గృహిణులు గుర్తుంచుకోవలసినవి

* గానుగకు మంచి గింజే పోయాలి. ముడతలు, పగుళ్లు, బూజు ఉన్నవి ఏరి పారేయాలి. పశువులకూ వేయకూడదు.

* కిలో నూనెకు రెండున్నర కిలోల గింజ. ఈ లెక్కకు అందనంత చౌకగా వచ్చే గానుగ నూనెను నమ్మకూడదు.

* వేరుశనగ, నువ్వులు, తవుడు నూనెల్లో ఒకటి ప్రధానంగా, సోయా లేదా ఆవనూనె తోడుగా వాడుకోవాలి.

* పెద్దవారికి రోజుకు నాలుగైదు చిన్న చెంచాలు చాలు. నెయ్యి, వెన్న అందులోనే.

* వేపుడు నూనెను మళ్లీ వేపుడుకు వాడకూడదు. పాతదానికి కొత్తది కలపకూడదు.

* విడి నూనె కొనరాదు. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు, తూకం, తేదీ చదివి కొనాలి.

* గుండె జబ్బు, చక్కెర జబ్బు ఉన్నవారు నూనె కొలతను వైద్యుడిని అడిగి నిర్ణయించుకోవాలి.

వేరుశనగ పండించే సీమలో మంచి నూనెకు కొరత ఉండనక్కరలేదు. మేలైన గింజను సంతకు పంపి, తాలు గింజను తమ వంటింటికి మిగుల్చుకునే అలవాటు మారితే, కనీసం ఇంటికి చాలినంత మంచి గింజ పక్కన పెట్టుకుంటే, దిగుమతి నూనె కంటే నమ్మకమైన నూనె ఊళ్లోనే దొరుకుతుంది. దాన్ని చెంచాతో కొలిచి వాడుకోవడమే మిగిలిన పని.